చౌక రివాల్వర్ కొంటే చేను దక్కుతుందా?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతుల ఉమ్మడి సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు లేచి అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. "అన్నా, గవర్నమెంటు ఫ్యాక్టరీలోనే చిన్న రివాల్వర్ చేస్తాండారంట, ముప్పై అయిదు వేలకే వస్తుందంట. మన సంఘం తరఫున లైసెన్సులు ఇప్పిస్తే తలా ఒకటి కొనుక్కుంటాం కదా?" అన్నాడు. సభలో నవ్వులు లేచినాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు "తుపాకులు చాలక ఇదొకటా మన సీమకు" అన్నారు. ఆ తమ్ముడు చిన్నబోయి కూర్చున్నాడు.

మేము ఆ రోజు నవ్వలేదు. ఆ తమ్ముడి చేను మేము చూసి వచ్చినాం. కొండ వార మూడెకరాల శెనక్కాయ. కాయ ఊరే సమయానికి పందులు రెండు రాత్రుల్లో అరెకరం పైగా తిరగదోడి పోయినాయి. నాగలితో దున్నినా అంత లోతుగా మట్టి లేవదు. తిన్నది కొంత, తొక్కి పాడు చేసింది అంతకు రెండింతలు. విత్తనం అప్పు, ఎరువు అప్పు, దానికి తోడు నెలన్నర రాత్రి కాపలా. అట్లా నిద్ర లేని మనిషి తుపాకి గురించి అడగడంలో వింతేమీ లేదు. అందుకే ఆ రోజే మాట ఇచ్చినాం, విచారించి వచ్చి జవాబు చెబుతామని. ఈ నెల రోజుల్లో పాత లైసెన్సుదారులను కలిసినాం, హిందూపురంలో క్రిమినల్ కేసులు చూసే వకీలు దగ్గర కూర్చున్నాం, రిటైరైన పోలీసాయన ఒకరితో మాట్లాడినాం, చట్టాలు తెప్పించి చదివినాం. తెలిసింది మీ ముందు పెడుతున్నాం.

మొదట ఆ వస్తువు ఏమిటో చెప్పుకుందాం. మన దేశంలో సామాన్యుడికి విదేశీ పిస్తోళ్ల దిగుమతి 1980లలోనే ఆపేసినారు. అమెరికాలో నూటయాభై, రెండొందల డాలర్లకు అంగట్లో దొరికే చిన్న రివాల్వర్లు మనకు వీడియోల్లో కనబడతాయే గాని కొనడానికి రావు. మనకు వచ్చేవి ఎక్కువగా సర్కారు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకే. 2021లో ఆ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా చీల్చినారు. చిన్న ఆయుధాలు చేసేది అందులో కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ. వాళ్ల 0.32 బోర్ 'నిర్భీక్' 2014లో వచ్చింది. ఆడవాళ్ల రక్షణకు అని ప్రచారం చేసి, ధర మాత్రం లక్షా ఇరవై వేలు దాటించినారు. ఆ తర్వాత వచ్చిందే మన తమ్ముడు చెప్పిన 0.22 బోర్ రివాల్వర్, 'నిడర్'. పావుకిలో బరువు. వచ్చిన కొత్తలో 35 వేల ప్రాంతమని పత్రికల్లో రాసినారు.

ఆ ధరే ఇప్పటికీ ఉందనుకుని లెక్క వేసి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్తోళ్లు 40 శాతం జీఎస్టీ పట్టికలోకి పోయినాయి. పాన్ మసాలా, పెద్ద కార్లు, విహార నౌకల సరసన. 35 వేలకు 14 వేలు పన్ను. 49 వేలు ఇక్కడే అయిపోయింది. తూటాలు వేరే, లైసెన్సు ఫీజు వేరే, తిరుగుడు ఖర్చు వేరే. చౌక అనే మాట ఇక్కడే సగం పోయింది.

ఇక దాని బలం. 0.22 తూటాను రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాల్లో అడుగున నట్టనడుమ చిన్న టోపీ ఉంటుంది, పిన్ను దాని మీద కొడితే పేలుతుంది. ఈ చిన్న తూటాలో ఆ టోపీ లేదు. అంటుకునే మందు అడుగు అంచు చుట్టూ పూసి ఉంటుంది, పిన్ను ఆ అంచు మీద కొట్టాలి. అంచులో ఒకచోట మందు సరిగా పరుచుకోకపోతే టిక్కుమని శబ్దం వచ్చి ఊరుకుంటుంది. పెద్ద తూటాల కంటే వీటిలో పేలకపోవడం ఎక్కువ. రివాల్వర్ అయితే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, అది దానికున్న ఒక సుగుణం. గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు. శెనగ విత్తనాల్ని అరచేతిలో వేసుకుని చూస్తే ఆ బరువు తెలుస్తుంది. పొట్టి గొట్టం నుంచి వచ్చినప్పుడు దానికుండే శక్తి నూరు జౌళ్ల పైచిలుకు. మన తాతల నాటి పన్నెండు బోర్ తుపాకిలో ఒక్క తోటా రెండు వేలు, రెండున్నర వేల జౌళ్లతో కొడుతుంది. ఇరవై రెట్ల తేడా.

ఇప్పుడు అడవి పందిని తలుచుకోండి. ఎదిగిన మగ పంది ఎనభై, నూరు కిలోలు ఉంటుంది. దాని భుజాల మీద తోలు, కింద కొవ్వు కలిసి డాలు మాదిరి గట్టిపడి ఉంటుంది, ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకునే జంతువు గదా. అమావాస్య రాత్రి, టార్చిలైటు ఒక చేత, పావుకిలో రివాల్వర్ ఇంకో చేత పట్టుకుని, ముప్పై అడుగుల దూరాన పరుగెత్తే పందికి గురి పెట్టి కొట్టగలిగేవాడు మనలో ఎవరు? రెండంగుళాల గొట్టంతో పగటిపూట నిలబెట్టిన డబ్బాను కొట్టడమే కష్టమని పోలీసాయన చెప్పినాడు. ఒకవేళ తగిలినా పంది చావదు, గాయంతో కంపల్లోకి పోతుంది. తెల్లవారి మేకలు తోలుకుపోయే పిల్లోడి మీదికో, కట్టెలకు పోయిన ఆడమనిషి మీదికో తిరగబడుతుంది. గాయపడిన పంది ఎట్లుంటుందో కొండ వార ఊళ్లవాళ్లకు మేము చెప్పాల్సిన పని లేదు.

గురి తప్పిన గుండు సంగతి కూడా ఉంది. బలం తక్కువ గదా అని తేలిగ్గా తీసుకోకూడదు, 0.22 గుండు అడ్డం లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది. రాత్రి పక్క చేలో మంచె మీద ఎవరు పడుకుని ఉన్నారో, ఎవరు నీళ్లు కడుతున్నారో మనకు తెలుస్తుందా? కరెంటు ఇచ్చేదే రాత్రి పూట అయితే చేలల్లో మనుషులు ఉండేదీ రాత్రి పూటే.

ఇదంతా పక్కన పెట్టి, కొట్టగలిగినాం, పంది చచ్చింది అనుకుందాం. అప్పుడు అసలు కథ మొదలవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972ది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతో అడవి పంది రెండో షెడ్యూల్‌లో చేరింది. అనుమతి లేకుండా చంపితే కేసు. కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూల్. వాటి జోలికి పోతే మూడేళ్లకు తగ్గని జైలు. విత్తనం వేసిన రోజు నుంచి మొలక వచ్చేదాకా నెమళ్లు గుంపులు గుంపులుగా దిగి ఏరుకు తింటాయి, మన కడుపు మండుతుంది, నిజమే. అయినా నెమలి ముందర రివాల్వర్ తీసినవాడు పంటతో పాటు ఇల్లూ పోగొట్టుకుంటాడు. శిక్ష పడితే తుపాకి లైసెన్సు కూడా రద్దు చేయమని కోర్టు చెప్పవచ్చు.

మరి రైతుకు తుపాకి హక్కు లేదా అంటే, ఉంది. ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త నిలబడి చెబుతాం. 1959 నాటి ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్, మూడో ఉపసెక్షన్ చూడండి. నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగే పౌరుడికి మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో రాసి ఉంది. మన ఊళ్లలో బర్మార్ తుపాకి అనేది అదే. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే వేరే నున్నటి గొట్టం తుపాకికీ ఇవ్వవచ్చు. అంటే చట్టం రాసినవాళ్లు కూడా పంట రక్షణకు పనికొచ్చేది పొడుగు గొట్టం తుపాకి అనే అనుకున్నారు, జేబులో పెట్టుకునే రివాల్వర్ కాదు. పంట పేరు చెప్పి రివాల్వర్ అడిగితే కలెక్టరాఫీసులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఇంకో మాట, తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. రెండూ వేర్వేరు కాగితాలు, వేర్వేరు ఆఫీసులు.

ఎలుగుబంటి విషయం వేరు. మడకశిర, పెనుకొండ కొండల పక్కన తెల్లవారుజామున చేనికి పోయేవాళ్లకు ఆ భయం రోజూ ఉండేదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకు జంతువును గాయపరిచినా, చంపినా నేరం కాదని వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది. అయితే పిల్లల తల్లి ఎలుగు పొదలోంచి లేచి మీద పడేదాకా మనకు కనబడదు. ఆ రెండు క్షణాల్లో నడుముకు కట్టిన రివాల్వర్ తీసి, చిన్న గుండుతో ఆపగలమా? శబ్దానికి బెదురుతుంది కదా అంటారు కొందరు. శబ్దమే కావాలంటే టపాసు చాలు, తప్పెట చాలు, ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ పోయినా చాలు.

ఇక దొంగలు. గొర్రెల దొంగతనాలు, మోటారు కేబుళ్లు కోసుకుపోవడం, డ్రిప్పు పైపులు ఎత్తుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీయడం మనకు కొత్త కాదు. కేబులు పోయినప్పుడు ఎంత కోపం వస్తుందో మాకు తెలుసు, మా బోరు కేబులు రెండుసార్లు పోయింది. రెండోసారి పోయిన రోజు చేతిలో తుపాకి ఉంటే కాల్చేవాళ్లమేమో కూడా. లేకపోవడమే మంచిదైంది. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఈ విషయంలో మాత్రం పాత సూత్రమే. రాత్రిపూట ఇంట్లోకి కన్నం వేసి చొరబడితే, దోపిడీకి దిగితే, చావో పెద్ద గాయమో తప్పదనే భయం నిజంగా ఉంటే ఆస్తి రక్షణలో ప్రాణం తీసేదాకా పోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. చేలో కేబులు కోసుకుని పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే మాత్రం మనమే ముద్దాయిలం. ఆ కేసు తేలేదాకా మూడెకరాలు అమ్మినా వకీలు ఫీజు చాలదు. వాడు పక్క ఊరి పిల్లోడే అయి ఉంటే ఇక రెండు ఊళ్ల నడుమ ఏమవుతుందో మన ప్రాంతంలో చెప్పాలా?

లైసెన్సు దారి ఎట్లుంటుందో చెబుతాం. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం దరఖాస్తు, గుర్తింపు కాగితాలు, డాక్టరు దగ్గర శరీరం, మనసు రెండూ బాగున్నాయని సర్టిఫికెట్టు, ఆయుధం భద్రంగా వాడే శిక్షణ, ఇంట్లో తాళం వేసి దాచే ఏర్పాటుకు హామీ. స్టేషన్ నుంచి పోలీసు విచారణ రిపోర్టు పోవాలి. ఆఖరి సంతకం కలెక్టరుది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా అయిన తర్వాత మనకు కలెక్టరాఫీసు పుట్టపర్తిలో. 2019 సవరణ తర్వాత లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది, ఒక మనిషికి ఉండే ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గినాయి. నాకు ప్రాణభయం ఉంది అని రాస్తే సరిపోదు, ఎవరి నుంచి, ఎందుకు, ఏ కేసు ఉంది అని అడుగుతారు. ఊరికే అడుగుతారని అనడం లేదు, అడగాల్సిందే కూడా.

మా ఇంట్లో తాత కాలం నాటి మందు తుపాకి ఒకటి ఉండేది. లైసెన్సు తాత పేర, ఆయన తర్వాత మా నాయన పేర మారింది. చిన్నప్పుడు దాన్ని చూస్తే మాకు మహా గొప్ప. దాంతో పంది చచ్చింది మా ఎరుకలో ఒక్కసారి కూడా లేదు, దీపావళి మాదిరి ఢామ్మని పేలి పొగ కమ్మేది, పందులు పక్క చేనికి పోయేవి. పక్క చేను మా చిన్నాయనదే! ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పజెప్పమని కబురు వచ్చేది. పంచాయతీ ఎన్నికలు, ఎమ్మెల్యే ఎన్నికలు, ఎంపీ ఎన్నికలు. ఇవ్వడం ఒక రోజు పని, వెనక్కి తెచ్చుకోవడం మూడు రోజుల పని. ఒకసారి కళ్లం మీద ఉండగా పిలుపు వచ్చింది. రెన్యువల్ మరిచిపోయిన ఏడాది మా నాయన స్టేషన్ బెంచీ మీద పొద్దంతా కూర్చుని వచ్చినాడు, ఆయన జీవితంలో అంతకు ముందు ఆ గడప ఎక్కిన మనిషి కాదు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు తుపాకి సరెండర్ చేసేసినాడు. దాన్ని కొనే నాటికి ఒక జత ఎద్దుల ధర పడిందని మా అవ్వ చెప్పేది.

ఇంత తిప్పలు ఎందుకు, లైసెన్సు లేనిదే తెచ్చుకుంటే పోలేదా అనే మాట సభలో కాకపోయినా బయట టీ కొట్టు దగ్గర వినబడుతుంది. లైసెన్సు లేని తుపాకి దగ్గర ఉంటే రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, 2019లో పెంచినారు. నాటు పిస్తోలు గొట్టం ఎప్పుడు చేతిలోనే పగులుతుందో చేసినవాడికే తెలియదు. పందుల కోసం నాటు బాంబు ఉండలు పెట్టే పని కూడా అంతే, పంది కంటే ముందు మన ఆవు, మన కుక్క కొరుకుతాయి. నోరు పగిలిన ఆవును చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు.

ఇప్పుడు అందరికీ తెలిసినా ఎవరూ మైకులో మాట్లాడని సంగతి. మన మూడు తాలూకాల్లో తుపాకి అంటే పంట ఒక్కటే గుర్తుకు రాదు. ఫ్యాక్షన్ గుర్తుకు వస్తుంది. ఎన్ని ఇళ్లలో మగదిక్కు పోయిందో, ఎంత మంది ఆడవాళ్లు ఒంటరిగా సేద్యం చేసి పిల్లల్ని పెంచినారో మన ఊళ్లకు తెలుసు. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి అనంతపురంలో సొంత పార్టీ ఆఫీసు దగ్గరే తూటాలకు చనిపోయినారు. ఆయన చుట్టూ గన్‌మెన్లు ఉన్నారు. రాజకీయాలు ఎవరివి వాళ్లకు ఉంటాయి, మేము ఇక్కడ ఎవరి పక్షమూ మాట్లాడటం లేదు. గన్‌మెన్లు ఉన్న ఎమ్మెల్యేకే కాపు దొరకనప్పుడు నడుముకు కట్టిన పావుకిలో ఇనుము మనకేం కాపు కాస్తుంది అని మాత్రం అడుగుతున్నాం. పైగా ఒక వర్గంవాడు లైసెన్సు తీసుకున్నాడని తెలిస్తే రెండో వర్గంవాడు మూడో నెలలో దరఖాస్తు పెడతాడు. పాత కక్షలు సల్లారిన ఊళ్లలో కొత్త పిల్లలకు ఇది నేర్పాలా?

దర్జా కోసం కొనేవాళ్లు కొందరున్నారు, దాచేదేముంది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల భూమి ధర పెరిగింది, అమ్మినవాళ్ల చేతిలో డబ్బు ఆడింది. కారు కొన్నారు, ఇల్లు కట్టినారు, కొందరి కన్ను రివాల్వర్ మీద పడింది. పెళ్లిలో పైకి కాలిస్తే ఘనం అనుకుంటారు. దానికీ 2019లోనే శిక్ష పెట్టినారు, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాళ్లకు మేము చెప్పేదేమీ లేదు, వాళ్ల డబ్బు వాళ్ల ఇష్టం. ఈ మాటలన్నీ అప్పు తెచ్చి కొందామనుకునే రైతు కోసం.

ఆ రైతు గురించే ఇంకొక మాట చెప్పాలి. చెప్పాలా వద్దా అని మాలో మేము తర్జనభర్జన పడినాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో పాతికేళ్లకు పైగా మన సంఘం వాళ్లం ఎన్ని ఇళ్లకు పోయి కూర్చున్నామో లెక్క లేదు. పోయిన రైతు ఫోటో గోడ మీద, దాని కింద భార్య, అప్పుల చీటీ మా చేతికి ఇచ్చే కొడుకు. అట్లాంటి ఇళ్లలో మేము విన్న మాటలు ఎక్కువగా ఒకటే తీరు. ముందు రోజు దాకా బాగానే ఉన్నాడు, ఆ పొద్దు బ్యాంకు నుంచో, షావుకారు నుంచో మాట పడినాడు, ఆ ఒక్క గంట గడిచి ఉంటే బతికేవాడు అని. ఆ ఒక్క గంట కోసమే పురుగు మందు డబ్బాలు ఇంట్లో పెట్టొద్దు, చేని దగ్గర పెట్టెలో తాళం వేయండి, తాళం చెవి అమ్మ దగ్గర ఉంచండి అని ఊరూరా చెప్పుకుంటూ వస్తున్నాం. అదే నోటితో, అప్పుల్లో ఉన్న ఇంట్లో దిండు కింద రివాల్వర్ పెట్టుకోండి అని ఎట్లా చెప్పగలం? అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా హత్యలు కావు, తమంత తాము తీసుకున్న ప్రాణాలే. తుపాకి దొంగ కోసమని కొంటారు, అది ఇంట్లోవాళ్ల మధ్యనే ఉంటుంది. మీలో ఎవరికైనా మనసు అట్లా కుంగితే, పక్కవాడికి అట్లా ఉందని అనిపిస్తే, అర్ధరాత్రి అయినా సంఘం వాళ్లకు ఫోన్ చేయండి. ఎవరి అప్పూ సంఘం తీర్చలేదు గాని, బ్యాంకు దగ్గరికి ఒంటరిగా పోనియ్యదు.

అయితే ఆ రివాల్వర్ ఎవరికీ పనికి రాదా అంటే, అట్లా అనం. గురి పోటీలకు పోయే పిల్లలకు 0.22 తూటా మంచి చదువు, దాని దెబ్బ చేతికి తెలియదు, ఖర్చు తక్కువ. అమెరికా పల్లెల్లో చౌక రిమ్‌ఫైర్ రివాల్వర్ పాముల కోసం, డబ్బాలు కొట్టే సరదా కోసం కొంటారు. అక్కడ ఒక్కో రైతుకు వందల ఎకరాలు, ఇల్లు ఒకచోట, మనిషి అలికిడి ఇంకోచోట. మన మూడెకరాల చేను గట్టు మీద నలుగురు పాలివాళ్ల దారి ఉంటుంది. నిజంగా ప్రాణభయం ఉండి, కేసులు ఉండి, పోలీసు రిపోర్టు కూడా అనుకూలంగా వచ్చే మనిషి ఎవరైనా ఉంటే, ఆయనకు కూడా ఈ చిన్న బోర్ మంచి ఎంపిక కాదని పోలీసాయన మాట. పంట కోసం అయితే వద్దు. తమ్ముడూ, నువ్వు అడిగినదానికి ఇదే మా జవాబు.

జవాబు ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకుంటే నీ చేను దక్కదు, ఆ సంగతీ తెలుసు.

అదే 49 వేలు పెడితే సోలార్ కంచె యంత్రం, ప్యానెల్, బ్యాటరీ, కొంత తీగ వస్తాయి. ముగ్గురు నలుగురు చేను పక్క చేను కలుపుకుని వేసుకుంటే తలా కొంత పడుతుంది. ఆ కంచెలో కరెంటు సెకనుకు ఒకసారి రెప్పపాటు మాత్రమే పారుతుంది, షాకు తగిలి జంతువు వెనక్కి పోతుంది, చావదు. దయచేసి దీన్ని నేరుగా లైను నుంచి తీగకు కరెంటు ఇవ్వడంతో కలపకండి. మోటారు స్టార్టరు నుంచి తీగ లాగి చేను చుట్టూ కట్టే పని వల్ల పందుల కంటే మనుషులే ఎక్కువ భయపడాలి. తెల్లవారి తీగ తీయడం మరిచిపోయి కట్టినవాడే పోయిన ఇళ్లున్నాయి. కరెంటు దొంగతనం కేసు ఒకటి, మనిషి పోతే దాని మీద ఇంకొకటి.

డబ్బు లేనివాళ్లకు మన పాత ఉపాయం ఉండనే ఉంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసి లోకానికి పంపుతాం, మన చేను చుట్టూ మాత్రం సంతలో కట్టగా దొరికే పాత సిల్కు చీరలు కడతాం. గాలికి రెపరెపలాడితే కొన్నాళ్లు పందులు జంకుతాయి, తర్వాత అలవాటు పడతాయి. కాయ ఊరే ఆ ఇరవై రోజులకు అయినా పనికొస్తుంది. వంతుల కాపలా పెట్టుకున్న ఊళ్లలో మంచి ఫలితం ఉంది. పది మంది రైతులు కలిసి రోజుకు ఇద్దరు చొప్పున పోతే ఒక్కొక్కరికి నాలుగు రాత్రులు నిద్ర దొరుకుతుంది. ఈ నిద్ర సంగతి చిన్నది కాదు.

సర్కారు నుంచి మనం అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది: రెండో షెడ్యూల్ జంతువు నిలిచిన పంటతో సహా ఆస్తికి ప్రమాదకరమైందని తేలితే, కారణాలు రాసి, దాన్ని వేటాడేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించినారు. అంతకు ముందు 2015, 2016లలో బీహారులో నీల్‌గాయిలను, ఉత్తరాఖండ్‌లో అడవి పందులను కొన్ని ప్రాంతాలకు, కొంత కాలానికి హానికర జంతువులుగా కేంద్రమే ప్రకటించింది. కాబట్టి చట్టం ఒప్పుకోదనే మాట అబద్ధం. ఫారెస్టు వాళ్లే శిక్షణ ఉన్న షూటర్లను తెచ్చి, వాళ్ల బాధ్యత మీద చేయించాలి. తుపాకి పట్టుకోవడం మన పని కాదు, దరఖాస్తు పట్టుకోవడం మన పని.

రెండోది ఇన్సూరెన్సు. అడవి జంతువుల వల్ల పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలని కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో నమోదు చేయాలి. అయితే ఏ జంతువులు, ఏ జిల్లాలు, ఏ ప్రాంతాలు అనేది రాష్ట్రం గుర్తించి ప్రకటించాలి. మన కొండవార మండలాల పేర్లు ఆ జాబితాలో లేకపోతే 72 గంటలు కాదు, 72 రోజులు ఫోటోలు తీసినా రూపాయి రాదు. జాబితాలో పేరు రావాలంటే నష్టం జరిగిందని రికార్డు ఉండాలి. మనం పంది పడిందని చెప్పి తిట్టుకుని ఊరుకుంటాం, రాసి ఇవ్వం. రాసి ఇవ్వని నష్టం ఆఫీసు లెక్కలో జరగనట్టే.

అందుకని ఇప్పుడు భోజనాలకు ముందే ఒక పని. తలుపు దగ్గర బల్ల మీద మూడు పుస్తకాలు పెట్టినాం, హిందూపురానికి ఒకటి, పెనుకొండకు ఒకటి, ధర్మవరానికి ఒకటి. పేరు, ఊరు, సర్వే నంబరు, ఏ పంట, ఏ జంతువు, ఏ తారీఖున, ఎంత మేర పోయిందో రాయించండి. ఫోన్లో ఫోటోలు ఉంటే మన కుర్రవాళ్లకు చూపించండి, తారీఖు కనబడేట్టు ప్రింట్లు తీయిస్తారు. చదువు రానివాళ్లు మొహమాటపడొద్దు, రాసిపెట్టడానికి నలుగురు పిల్లలు కూర్చున్నారు. వచ్చే సోమవారం గ్రీవెన్సు రోజున మూడు పుస్తకాల నకళ్లు పుట్టపర్తికి, ఫారెస్టు ఆఫీసుకు పట్టుకుపోతున్నాం. బండికి ఇరవై మందికి చోటుంది. రివాల్వర్ అడిగిన తమ్ముడి పేరు మేమే మొదట రాసినాం, అరెకరం పైగా, శెనక్కాయ, అడవి పందులు. సర్వే నంబరు ఖాళీగా ఉంది, అది వచ్చి చెప్పు నాయనా.